ఓరియెంటేషన్ రోజుల్లో అమ్మాయి తెనాలిలో ఉంటే క్లాసులు దొరుకుతాయా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయికి ఇక్కడే ఒక స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటొచ్చింది. క్లాసులు ఆగస్టు ఆఖరి వారంలో మొదలు. కొత్త పిల్లలకి కాలేజీని పరిచయం చేసే ఓరియెంటేషన్‌కి తనకిచ్చిన తేదీలు జూన్ 16, 17. రెండో రోజే క్లాసులు రిజిస్టర్ చేయిస్తారట. కానీ జూన్ 19న తెనాలిలో మా నాన్నగారి సహస్ర చంద్ర దర్శనం. జనవరిలోనే టికెట్లు కొనేశాం. జూన్ 10న బయల్దేరి జులై 26న తిరిగొస్తాం. పాపని ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా తెనాలిలో పెంచింది మా అమ్మా నాన్నే. "తాతయ్య కోసం రాకుండా ఎలా ఉంటానమ్మా" అంటోంది. మా వారేమో ఓరియెంటేషన్ తప్పితే మంచి క్లాసులేవీ మిగలవు, సెమిస్టర్ వెనకబడిపోతుంది, పిల్లని ఇక్కడే ఎవరింట్లోనైనా ఉంచి వెళ్దాం అంటున్నారు. ఓరియెంటేషన్‌కి వెళ్లకుండా రిజిస్టర్ చేసుకునే దారుందా? తన లాగిన్‌తో నేనే చేసేయొచ్చా?
ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు:

అమ్మా, పాపని తెనాలి తీసుకెళ్లండి. తీసుకెళ్తూనే క్లాసులు ఎలా దక్కించుకోవాలో చెప్తాను. డాలస్ చుట్టుపక్కల కాలేజీల్లో పద్నాలుగేళ్లుగా నాది ఇదే ఉద్యోగం, కొత్తగా చేరే పిల్లలకి క్లాసులు ఎంచుకోవడంలో సాయం చేయడం. ఓరియెంటేషన్‌కి రాలేని పిల్లలు ప్రతి వేసవిలోనూ ఉంటారు. ఇంట్లో ఆపరేషన్లు, పెళ్లిళ్లు, సైన్యం శిక్షణలు, పనిచేసే చోట సెలవు దొరక్కపోవడం, ఎన్నో కారణాలు. ముందుగా నోరు తెరిచి అడిగిన పిల్ల ఓరియెంటేషన్ మూలంగా సెమిస్టర్ పోగొట్టుకోవడం నేనింతవరకూ చూడలేదు.

అయితే మీ వారి భయం ఉత్తదేం కాదు. చాలా యూనివర్సిటీల్లో ఓరియెంటేషన్ అయ్యేదాకా విద్యార్థి ఖాతా మీద హోల్డ్ ఉంటుంది. హోల్డ్ అంటే తాళమే. అదున్నంతసేపూ క్లాసుల జాబితా కళ్లకు కనపడుతుంది కానీ ఒక్కటి కూడా ఎక్కదు. ఆ తాళం తీసే అధికారం ఓరియెంటేషన్ ఆఫీసుకో, డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కో ఉంటుంది. కారణం చెప్పి అడిగినవాళ్లకి ఏదో ఒక దారి చూపిస్తారు. చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టినవాళ్లకి అది ఆగస్టు దాకా అలాగే వేలాడుతుంది. మీ అమ్మాయి ఏ జాబితాలో ఉంటుందన్నది మీరు విమానమెక్కే లోపు చేసే ఒక్క ఫోన్ మీద ఆధారపడి ఉంది.

క్లాసులు మిగలవన్న మాట కూడా కొంత నిజం, కొంత కాదు. పెద్ద యూనివర్సిటీల్లో మొదటి ఏడాది పిల్లలకి ఓరియెంటేషన్ ఒక్కసారే అయిపోదు, జూన్ నుంచి ఆగస్టు దాకా విడతలుగా నడుస్తుంది. జూన్‌లో వచ్చినవాళ్లే అన్నీ ఊడ్చుకుపోకుండా చాలా చోట్ల సీట్లను కూడా విడతకి ఇన్ని అని వదులుతారు. ఆలస్యంగా వచ్చిన పిల్లకి కాలిక్యులస్ దొరుకుతుంది. కాకపోతే పొద్దున్న ఎనిమిది గంటల క్లాసో, శుక్రవారం సాయంత్రం ల్యాబో దొరుకుతుంది. అది ఇబ్బందే. సెమిస్టర్ పోవడం మాత్రం కాదు.

ఇక ఆ ఫోన్. ముందు ఓరియెంటేషన్ ఆఫీసుకి చేసి, జులై 26 తర్వాత ఏదైనా విడత ఉందా, దానికి మార్చుకోవచ్చా అని అడగాలి. క్లాసుల ముందు ఆగస్టులో ఆఖరి విడత పెట్టేవాళ్లు చాలామందే. ఉంటే అందులో పేరు వేయించుకోండి, కానీ అక్కడితో ఆగొద్దు. "ఆగస్టులో వస్తాను, ఈలోపు అడ్వైజర్‌తో వీడియోలో మాట్లాడి జులైలోనే రిజిస్టర్ చేసుకోవచ్చా?" అన్నది రెండో ప్రశ్న. 2020లో కోవిడ్ వచ్చి ఓరియెంటేషన్లన్నీ ఆన్‌లైన్‌కి మారాయి కదా, ఆ ఏర్పాట్లు చాలా కాలేజీలు ఇప్పటికీ తీసెయ్యలేదు. దూరం నుంచి వచ్చేవాళ్ల కోసం అట్టేపెట్టాయి. మూడోది డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కి ఒక ఈమెయిల్. అందులో పేరు, విద్యార్థి నంబరు, ఇండియాలో ఉండే తేదీలు, తను తీసుకోవాలనుకుంటున్న క్లాసులు, ఇవి చాలు. తాతయ్య వేడుక గురించి ఒక్క వాక్యం రాయొచ్చు. కుటుంబ కార్యక్రమం అంటే ఇక్కడివాళ్లకీ అర్థమవుతుంది, సంజాయిషీలు అక్కర్లేదు. వాళ్లు ఒప్పుకున్నది ఏదైనా ఈమెయిల్లో రాయించుకోమనండి. ఫోన్లో ఒకరు సరేనన్నది వారం తర్వాత ఇంకొకరికి తెలియకపోవచ్చు.

ఈ ఫోన్ మీరు కాదు, పాపే చేయాలి. మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది.

తన లాగిన్‌తో మీరు రిజిస్టర్ చేయొద్దు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదన్నది యూనివర్సిటీల నియమం, అది ఒక కారణం. ఫెర్పా అని 1974 నాటి చట్టం ఒకటుంది, అది ఇంకో కారణం. దాని ప్రకారం కాలేజీలో చేరిన రోజు నుంచి చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వయసు పద్దెనిమిది నిండకపోయినా సరే. ఫీజు కట్టే తండ్రి ఫోన్ చేసి మా అమ్మాయి ఏ క్లాసుల్లో ఉందని అడిగితే మాలాంటివాళ్లం చెప్పలేం. పాప సంతకం చేసిన అనుమతి పత్రం ఉంటే చెప్తాం. ఆ పత్రం కావాలనుకుంటే తనతో మాట్లాడి తన ఇష్టంతోనే పెట్టించుకోండి.

నన్ను నిజంగా ఆపే కారణం మాత్రం మూడోది, మా ఇంట్లో జరిగింది. మా పెద్దవాడు ఓరియెంటేషన్‌కి వెళ్లాడు, రెండు రోజులూ ఉన్నాడు. కానీ క్లాసులు నేను ఎంచాను. ఈ ఉద్యోగంలో ఉన్నదాన్ని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. మొదటి సెమిస్టర్‌లోనే 17 క్రెడిట్ గంటలు, అంటే దాదాపు వారానికి అన్ని గంటల క్లాసులు. కాలిక్యులస్ టూ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, వాటికి రెండు ల్యాబులు. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నవంబరులో రెండు క్లాసులు డ్రాప్ చేశాక చెప్పాడు, సెప్టెంబరు నుంచే ఊపిరాడలేదని. ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు వేసినవి కదమ్మా, తీసేస్తే నీకు బాధ" అన్నాడు. వాడు ఓరియెంటేషన్ తప్పలేదు. తన క్లాసులు తను ఎంచుకునే అవకాశాన్ని నేను తప్పించాను. అందుకే మీ అమ్మాయి తెనాలిలో మంచం మీద కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుని తనే ఎంచుకుంటే, రెండు రోజుల ఓరియెంటేషన్‌లో దొరకాల్సిన అసలైనది తనకి దొరికినట్టే అని నా నమ్మకం. మీరు పక్కన కూర్చోండి. అడిగితే చెప్పండి.

డ్రాప్ మాటెత్తాను కాబట్టి ఒక సంగతి. 2007 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో మొదటిసారి చేరిన ఏ విద్యార్థీ డిగ్రీ మొత్తమ్మీద ఆరు కోర్సులకి మించి డ్రాప్ చేయకూడదని రాష్ట్ర చట్టం. ఒంట్లో బాగోలేకపోవడం లాంటి వాటికి మినహాయింపులున్నాయి. కానీ ఫాల్‌లో క్లాసులు జరిగే రోజుల్లో పన్నెండో రోజు లోపల వదిలేసిన కోర్సు ఆ ఆరింటిలోకి రాదు, ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద మచ్చా పడదు. అంటే జులైలో ఎంచుకున్నది రాతి మీద రాత కాదు. మొదటి వారం వెళ్లి చూసి, బరువనిపిస్తే అడ్వైజర్‌ని అడిగి మార్చుకునే వెసులుబాటు ఉంది. కొత్త క్లాసు చేర్చుకునే గడువు మాత్రం ఇంకా ముందే, చాలా చోట్ల మొదటి వారంలోనే ముగుస్తుంది. ఈ రెండు తేదీలూ క్యాలెండర్‌లో వేసుకోమనండి.

ఓరియెంటేషన్ హోల్డ్ ఒక్కటే తీయించి హమ్మయ్య అనుకునే పిల్లల్ని నేను ఏటా చూస్తాను. దాని వెనక ఇంకో రెండు మూడు తాళాలుంటాయి. టెక్సస్‌లో ఎక్కువమందిని పట్టేది మెనింజైటిస్ టీకా. 22 ఏళ్ల లోపు పిల్లలు కాలేజీలో చేరాలంటే ఈ టీకా వేయించుకున్న రుజువు చూపాలని రాష్ట్ర చట్టం చెప్తోంది. అది గడిచిన అయిదేళ్లలో వేసినదై ఉండాలి, క్లాసులు మొదలయ్యే రోజుకి కనీసం పది రోజుల ముందు పడి ఉండాలి. ఇక్కడే చాలామంది తల్లులు పొరబడతారు. ఏడో క్లాసులో చేరేటప్పుడు వేయించాం కదా అంటారు. అప్పటికి పిల్లకి పన్నెండేళ్లు, ఇప్పుడు పద్దెనిమిది, అయిదేళ్లు దాటిపోయాయి. పదహారేళ్లప్పుడు రెండో డోసు పడి ఉంటే ఇబ్బంది లేదు. పడిందో లేదో మీ పిల్లల డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

రెండోది టీఎస్ఐ, టెక్సస్ సక్సెస్ ఇనిషియేటివ్. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో చేరేవాళ్లు చదవడం, రాయడం, లెక్కల్లో కాలేజీ స్థాయికి సిద్ధంగా ఉన్నట్టు చూపించాలి. శాట్‌లో ఇంగ్లిషు భాగంలో 480, లెక్కల్లో 530 వచ్చిన పిల్లలకి ఇందుకోసం పెట్టే టీఎస్ఐ పరీక్ష అక్కర్లేదు. ఇంజినీరింగ్ సీటొచ్చిన మీ పాపకి ఆ మార్కులు ఉండే ఉంటాయి. కానీ శాట్ నడిపే కాలేజ్ బోర్డు నుంచి అవి యూనివర్సిటీకి చేరాయో లేదో చూసుకోవాలి. చేరకపోతే వాళ్ల దృష్టిలో లేనట్టే. హైస్కూల్ ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ సంగతీ అంతే. లెక్కల ప్లేస్‌మెంట్ పరీక్ష అడిగే కాలేజీ అయితే అది ఇంటి నుంచే రాయొచ్చేమో కనుక్కుని, ప్రయాణం లోపే రాసేయమనండి. జెట్‌లాగ్‌లో రాసిన పరీక్ష పిల్లని ఒక క్లాసు కిందకి దించేయగలదు.

మీ వారికి నచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఏపీ పరీక్షల మార్కులు, అదే, మే నెలలో హైస్కూల్లో రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌వి, జులై మొదట్లో గానీ రావు. జూన్ 17న రిజిస్టర్ చేసుకునే పిల్లలు ఆ మార్కులు తెలియకుండానే, వస్తాయో రావో ఊహించుకుని క్లాసులు ఎంచుకుంటారు. తర్వాత మళ్లీ మార్చుకోవాలి. మీ పాప జులైలో కూర్చుంటే మార్కులు చేతిలో ఉంటాయి. టెక్సస్‌లో 2015 చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలు 5కి 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి, అంటే ఆ కోర్సు చేసినట్టే లెక్క. అంతకంటే ఎక్కువే కావాలంటే అందుకు తగిన ఆధారం చూపించాలి. మార్కులు ఒక కాలేజీకి ఉచితంగా పంపమని కాలేజ్ బోర్డు ఖాతాలో చెప్పుకునే గడువు జూన్ 20. మీ ఫంక్షన్ మర్నాడే. ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు, ఇక్కడున్నప్పుడే పెట్టేయమనండి.

క్రెడిట్ వచ్చినంత మాత్రాన క్లాసు దాటేయాలని లేదు. హిస్టరీలో 3 వస్తే సంతోషంగా తీసుకోండి. ఇంజినీరింగ్ పిల్లకి కాలిక్యులస్‌లో 3 వస్తే మాత్రం, నా మాటగా చెప్తున్నాను, మొదటి కాలిక్యులస్ మళ్లీ చేయమనండి. 5 వస్తే ధైర్యంగా ముందుకి వెళ్లొచ్చు. 4 వచ్చిందా, డిపార్ట్‌మెంట్ వాళ్లు పాత ఫైనల్ పేపర్ ఎక్కడైనా పెట్టి ఉంటే తెనాలిలో ఒక మధ్యాహ్నం కూర్చుని చేసి చూసుకోమనండి. చేతికి తెలిసిపోతుంది.

రిజిస్ట్రేషన్ రోజు గురించి. వేసవిలో మనకీ ఇండియాకీ పదిన్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున్న ఎనిమిదికి తెరిస్తే తెనాలిలో సాయంత్రం ఆరున్నర. చక్కటి సమయం, అర్ధరాత్రి లేవక్కర్లేదు. అసలు చిక్కు ఫోన్‌తో వస్తుంది. లాగిన్ చేయగానే యూనివర్సిటీ రెండో కోడ్ అడుగుతుంది. అది అమెరికా నంబరుకి మెసేజ్‌గా వచ్చేలా పెట్టుకుని, ఇండియాలో దిగగానే సిమ్ మార్చేసిన పిల్లలు ఆ రోజు ఏమీ చేయలేరు. బయల్దేరకముందే కోడ్ యాప్‌లోనే వచ్చేలా మార్చుకోవాలి, అప్పుడు ఇంట్లో వైఫై ఉంటే చాలు. ఇంట్లో కరెంటు పోతే వాడుకోవడానికి ఒక ఫోన్లో డేటా నింపి ఉంచండి.

ముందురోజే కాగితం మీద క్లాసుల సెక్షన్ నంబర్లు రాసుకోవాలి. ఒక్కో సబ్జెక్టుకి కనీసం మూడు. ఫిజిక్స్, కెమిస్ట్రీలకి క్లాసు, ల్యాబు జతగా ఎక్కించాల్సి రావచ్చు. ఒకటి ఎంచి రెండోది మర్చిపోతే సిస్టమ్ ఒప్పుకోదు. సీట్లు తక్కువుండే వాటిని, అంటే ల్యాబుల్ని ముందు పట్టుకోవాలి, వాటి చుట్టూ మిగతావి అమర్చుకోవాలి. ఎన్ని గంటలంటే, 12 గంటలుంటే పూర్తికాల విద్యార్థి కింద లెక్క. నాలుగేళ్లలో ముగించాలంటే సగటున 15 కావాలి. మొదటి సెమిస్టర్‌కి 14 దగ్గర ఆగితే నేనైతే సంతోషిస్తాను.

అనుకున్నవి దొరకలేదే అనుకోండి. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో ఏ డిగ్రీ చదివినా 42 గంటల కోర్ కరికులమ్, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే కోర్సులు, చేసి తీరాలి. అందులో 6 గంటలు అమెరికా చరిత్ర, 6 గంటలు గవర్నమెంట్, రెండూ చట్టం పెట్టినవే. ఏపీ ద్వారానో, డ్యుయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే చేసే కాలేజీ కోర్సులు) ద్వారానో ముందే అయిపోకపోతే, దొరకని ఫిజిక్స్ స్థానంలో వీటిలో ఒకటి వేసుకున్నా డిగ్రీలో ఒక్క గంటా వృథా పోదు. ఆ ఫిజిక్స్ తర్వాతి సెమిస్టర్‌లో చేసుకోవచ్చు. కాలిక్యులస్‌ని మాత్రం అలా వాయిదా వేయనివ్వకండి. ఇంజినీరింగ్‌లో మిగతా క్లాసులన్నీ దాని వెనకే క్యూ కడతాయి. ఎంతకీ దొరకకపోతే వెయిట్‌లిస్టులో పేరు వేసి అడ్వైజర్‌కి రాయాలి.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. ఫీజు గడువు దాటిన మర్నాడు పొద్దున్న చాలా కాలేజీలు డబ్బు కట్టనివాళ్లని క్లాసుల్లోంచి తీసేస్తాయి. ఆ పూట నిండిపోయిన సెక్షన్లలో సీట్లు తెరుచుకుంటాయి. పాప ఆ రోజు పెందలాడే లాగిన్ అయితే ఎనిమిది గంటల క్లాసు వదిలి పది గంటలది పట్టుకోవచ్చు. అదే గడువు మీరు మర్చిపోతే మీ పాప సీట్లు ఇంకొకరికి వెళ్తాయి. ఆ తేదీ ఈమెయిల్లో వస్తుంది, అదీ యూనివర్సిటీ ఈమెయిల్‌కి. తెనాలిలో ఉన్నా ఆ ఇన్‌బాక్స్ రోజూ ఒకసారి తెరవాలి.

ఓరియెంటేషన్‌లో నిజంగా పోయేవి స్నేహాలు. ఆ రెండు రోజుల్లో పక్కన కూర్చున్న పిల్లలే కొందరికి నాలుగేళ్ల తోడవుతారు. దీనికి ఫోన్‌తో మందు లేదు. అందుకని హాస్టల్ తెరిచే మొదటి రోజునే దింపండి, ఆఖరి రోజున కాదు. క్లాసుల ముందు వారంలో కొత్త పిల్లల కోసం పెట్టే కార్యక్రమాలన్నిటికీ వెళ్లమనండి, బిడియంగా ఉన్నా సరే. టైంటేబుల్ పట్టుకుని ప్రతి క్లాస్‌రూముకీ ఒకసారి నడిచి రమ్మనండి. రెండో వారంలో అడ్వైజర్ దగ్గరికి స్వయంగా వెళ్లి, వీడియోలో మాట్లాడింది నేనే అని పరిచయం చేసుకోమనండి. మాకు పేర్లు గుర్తుండవు గానీ మొహాలు గుర్తుంటాయి.

ఈ జవాబు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని, వీసా ఆలస్యమై ఓరియెంటేషన్ తప్పిపోతుందని కంగారుపడుతున్న పిల్లలు కూడా చదువుతారని తెలుసు. వాళ్ల దారి వేరు. ఎఫ్-1 వీసా మీద వచ్చే డిగ్రీ పిల్లలు సెమిస్టర్‌కి 12 గంటలు తీసుకోవాలి. అందులో పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచేది ఒకే క్లాసు, మూడు గంటల వరకే లెక్కకొస్తుంది. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉన్న ప్రారంభ తేదీకి ముప్పై రోజుల కంటే ముందు దేశంలోకి రానివ్వరు. ఆ తేదీ దాటాక ముప్పై రోజుల్లోపు కాలేజీ వాళ్లు సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ప్రభుత్వ వ్యవస్థలో, మీ పేరు నమోదు చేయాలి. కాబట్టి ఆలస్యమవుతుందని తెలియగానే ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగాల్సింది ఒక్కటే: ఏ తేదీ దాకా రావచ్చు? ఆ తేదీ ఈమెయిల్లో తెప్పించుకుని, ప్రయాణంలో దాని ప్రింటు దగ్గర ఉంచుకోండి. ఆ లోపు రాలేనంటే ఐ-20ని తర్వాతి సెమిస్టర్‌కి, అంటే స్ప్రింగ్‌కి, మార్పించుకోవాలి. ఎలాగోలా వెళ్లి చూద్దాంలే అని విమానమెక్కొద్దు.

ఫ్రిస్కో తల్లికి ఇంకొక్క మాట. పాప ఫోన్ చేసేటప్పుడు మీ వారిని కూడా ఆ గదిలోనే ఉండమనండి, మాట్లాడకుండా వినమనండి. అవతలివాళ్లు తడుముకోకుండా రెండు మూడు దారులు చెప్పడం ఆయన చెవులతో వింటే, ఎవరింట్లోనో ఉంచుదామన్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు. ఫోన్ రేపే చేయించండి. టీకా అవసరమైతే ఎయిర్‌పోర్టుకి బయల్దేరే లోపు వేయించి, ఆ కాగితం యూనివర్సిటీ సైట్లో ఎక్కించి, హోల్డ్ పోయిందో లేదో చూశాకే సూట్‌కేసులు మూయండి.